రిటైరైనా వదలని ఉద్యోగం

రిటైరైన బ్యాంకు క్యాషియర్ చేతికి నోట్ల కట్ట ఇచ్చి చూడండి. లెక్కపెట్టే ముందే నోట్లన్నీ ఒకే వైపుకు తిప్పేస్తారు. ఏళ్ల తరబడి బస్సు నడిపిన మనిషిని కారులో పక్క సీట్లో కూర్చోబెడితే, ముందు బండి ఆగినప్పుడల్లా కుడికాలితో లేని బ్రేకును తొక్కుతారు. ఇంట్లోవాళ్లు చూసి నవ్వుకుంటారు. అంతవరకు సరదాగానే ఉంటుంది. కానీ రిటైరయ్యేవాళ్లకు అందరూ ఇచ్చే సలహాలు చూడండి: నడక, యోగా, ఏదో ఒక హాబీ. ఇన్నేళ్లూ ఏం పని చేశారని అడిగేవాళ్లు తక్కువ. ముందు అడగాల్సింది అదే.

బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై 1985లో మొదలైన వైట్‌హాల్-2 అధ్యయనం ఆధారంగా 2018లో ఒక విశ్లేషణ వచ్చింది. పదాలను గుర్తుపెట్టుకునే శక్తి రిటైరయ్యాక 38 శాతం ఎక్కువ వేగంతో తగ్గిందని అందులో తేలింది. మెదడు చేసే మిగతా పనుల్లో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. అసలు విషయం ఇంకోటి ఉంది. సర్వీసులో ఉన్నంతకాలం పై హోదా ఈ జ్ఞాపకశక్తికి రక్షణగా ఉంది. రిటైరయ్యాక ఆ రక్షణ పోయింది. అంటే పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లు ఇక నిశ్చింతగా ఉండొచ్చని అనుకోవడానికి లేదు. కరెంటు బిల్లు కట్టారా లేదా అని రోజుకు మూడుసార్లు ‘రిపోర్టు’ అడిగే మాజీ అధికారులు మనకు తెలియనివాళ్లేం కాదు. ఆ టెన్షన్ ఇంటిల్లిపాదికీ పంచుతారు.

ఏ హోదా లేకుండా ఒళ్లు వంచి పనిచేసినవాళ్లది వేరే కథ. వాళ్ల పని ఒంట్లోనే ఉండిపోతుంది. యంత్రాల మోతకు చెవిలోపలి సూక్ష్మ కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు, వినికిడి తగ్గిపోతుంది. అందుకే గట్టిగా మాట్లాడే తాతను పిల్లలు కోపిష్టి అనుకుంటారు. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు, పని మానేశాక కూడా ముదరొచ్చు. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడటానికి చాలామందిలో 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ ఫ్యాక్టరీయే మూతపడి ఉండొచ్చు. నష్టపరిహారం అడగాలంటే ఎక్కడ, ఎన్నేళ్లు, ఏ దుమ్ములో పనిచేశారో రుజువు కావాలి. ఆ వివరాలు రిటైరయ్యే రోజునే కాగితం మీద రాసి చేతికివ్వడం యాజమాన్యానికి పెద్ద ఖర్చేమీ కాదు. దాన్ని చట్టంతో తప్పనిసరి చేయాలి.