ఖాళీ గడి మహిమ

వర్చువల్ మెషిన్‌కి, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌కి, ఏ యూఎస్‌బీ పరికరం ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో చెప్పడానికి, దాన్ని నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్లు ఉన్నాయి. వెండర్ ఐడీ (తయారీదారు నంబర్), ప్రోడక్ట్ ఐడీ (మోడల్ నంబర్), సీరియల్ నంబర్ వగైరా గడులు నింపాలి. ఏమీ నింపకపోతే? ఏ పరికరమూ లోపలికి పోదనుకుంటాడు అమాయకుడు. ఖాళీ ఫిల్టర్‌కి అర్థం ‘కనబడిందల్లా లాక్కో’ అని! వాచ్‌మన్‌కి తెల్లకాగితం ఇచ్చి ‘ఇందులో పేరున్నవాళ్లనే పంపు’ అంటే, అతగాడు గేటు బార్లా తీసి పక్కకి జరిగినట్టు.

ఇక చూడండి వైభోగం. మెషిన్ ఆన్ అవుతుంది. మౌస్ బాణం ఉన్నచోటే కొయ్యబారిపోతుంది. కీబోర్డు నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. మీటింగ్‌లో ఉన్న వెబ్‌క్యామ్ మధ్యలోనే లేచి లోపలికి వెళ్లిపోతుంది. విరుగుడు చాలా సులువట: డివైసెస్ మెనూలోకి వెళ్లి, యూఎస్‌బీ జాబితాలో మౌస్ పక్కనున్న టిక్కు తీసెయ్యడమే. దేంతో తియ్యాలి? మౌస్‌తో! సరే, పీకి మళ్లీ పెట్టమంటారు. పెట్టీపెట్టగానే ఫిల్టర్ మళ్లీ పట్టేసుకుంటుంది. పాపం, దాని ఉద్యోగమే అది. లోపలి కీబోర్డు యూఎస్‌బీ కాని లాప్‌టాపులవాళ్లు బతికిపోయారు. మిగిలినవాళ్లకి పవర్ బటనే శరణ్యం.

పోనీ బుద్ధిగా ఐడీలు రాసుకుందామా? ఒకే మోడల్ పెన్‌డ్రైవులు రెండుంటే రెండింటికీ అవే ఐడీలు. వర్చువల్ మెషిన్లని నడిపించే ఇంకో సాఫ్ట్‌వేర్ లిబ్‌వర్ట్ అయితే ‘ఏది కావాలో అడ్రస్ చెప్పు’ అని మొండికేస్తుంది. చెబుతాం. ఆ అడ్రస్‌లోని డివైస్ నంబర్ కాస్తా పీకి పెట్టిన ప్రతిసారీ మారుతుంది. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ క్యూఈఎంయూలో ఫలానా పోర్టుకి వచ్చిందే ఇవ్వు అని రాసుకోవచ్చు. అంత శ్రద్ధ ఎవరికుంది?

నవ్వులాట అయింది. అసలు వర్చువల్ మెషిన్ పెట్టుకునేది ఎందుకు? అనుమానపు పెన్‌డ్రైవ్‌ని విడిగా తెరుద్దామనే కదా! అలాంటి చోట, పరికరం తన గురించి తాను చెప్పుకున్న నంబర్లు చూసి నమ్మడమేంటి? పెన్‌డ్రైవ్ ఫర్మ్‌వేర్ (దాన్ని లోపలినుంచి నడిపే ప్రోగ్రాం) మార్చి దాన్ని కీబోర్డులా నటింపజేయొచ్చని భద్రతా పరిశోధకులు కార్స్టన్ నోల్, జేకబ్ లెల్ 2014లోనే బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సు వేదికమీద చూపించారు. ఇన్నేళ్లైనా ‘నువ్వెవరు?’ అని దొంగనే అడిగి, వాడు చెప్పిన పేరు రాసుకుని లోపలికి పంపడానికి సిగ్గుండక్కర్లా? పైగా దానికి భద్రత అని పేరు! క్యూబ్స్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో యూఎస్‌బీ పోర్టుల్ని నడిపే కంట్రోలర్నే వేరే వర్చువల్ మెషిన్‌కి అప్పగించొచ్చు. తలకాయ పెట్టి ఆలోచిస్తే అయ్యే పనే.

వర్చువల్‌బాక్స్ వాళ్లని అంత పెద్ద పని చెయ్యమని ఎవరూ అడగట్లేదు. గడులన్నీ ఖాళీగా ఉంటే ఫిల్టర్‌ని దేన్నీ ముట్టుకోవద్దనండి. కనీసం సేవ్ చేసేముందు ‘మీ కీబోర్డు కూడా పోతుంది, సరేనా?’ అని ఒక్క మాట అడగండి. జవాబు చెప్పడానికి అప్పటికింకా మౌస్ మా చేతిలోనే ఉంటుంది.