ఫోన్ పక్కన పెడితే అమెరికా కలిసిపోతుందా?

"సోషల్ మీడియా రాకముందు అమెరికాలో అంతా కలిసిమెలిసి ఉండేవారు. ఈ పార్టీల పగలన్నీ ఫోన్ తెచ్చిపెట్టినవే." డాలస్‌లో ఉన్న మనవాళ్ల నుంచి ఇక్కడి చుట్టాల దాకా తిరుగుతున్న మాట ఇది. తిరిగేది వాట్సాప్‌లోనే అనుకోండి, అది వేరే సంగతి.

ముందు ఫోన్ సంగతి. ఫేస్‌బుక్ పుట్టింది 2004లో. అప్పటికే రిపబ్లికన్ల వైపు మొగ్గే టీవీ ఛానెల్ ఫాక్స్ న్యూస్ మొదలై ఎనిమిదేళ్లు. అసలు కథ జాతి వివక్షను నిషేధించిన 1964 పౌర హక్కుల చట్టం దగ్గరుంది. అంతకుముందు డెమోక్రాట్లలో దక్షిణాది జాతి వివక్షవాదులూ ఉండేవారు, ఉత్తరాది ఉదారవాదులూ ఉండేవారు. ఆ తర్వాత ఎవరి గూటికి వాళ్లు చేరడం మొదలైంది. దక్షిణాది డెమోక్రాట్ సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ ఆ ఏడాదే రిపబ్లికన్ అయిపోయాడు. జాతి, మతం, ఊరు, పార్టీ మెల్లగా ఒకే వైపు పేరుకున్నాక అవతలివాడు ఓటులోనే కాదు, అన్నింట్లోనూ పరాయివాడయ్యాడు.

స్టాన్‌ఫర్డ్ రాజనీతి శాస్త్రవేత్త శాంతో అయ్యంగార్, మరో ఇద్దరు కలిసి 2012లో రాసిన వ్యాసంలో మనకు ఇట్టే అర్థమయ్యే కొలత ఒకటుంది: పెళ్లి సంబంధం. మీ బిడ్డ అవతలి పార్టీవాళ్లను చేసుకుంటే బాధపడతారా అంటే, 1960లో అవునన్నది దాదాపు 5 శాతమే. 2010కి రిపబ్లికన్లలో సగం మంది, డెమోక్రాట్లలో మూడో వంతు. ఐఫోన్ వచ్చి అప్పటికి మూడేళ్లే. మూడేళ్లలో వియ్యాలు ఇంతలా చెడవు.

పోనీ, ఫోన్ పట్టుకున్న కుర్రకారే ఎక్కువ చీలారా? 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో లెక్క తిరగబడింది. ఇంటర్నెట్ తక్కువ వాడే పెద్దవయసు వాళ్లలోనే చీలిక ఎక్కువ పెరిగింది.

ఫోన్ తప్పేమీ లేదనను. 2018 ఎన్నికల ముందు నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపేసినవాళ్లలో విధానాల మీద అభిప్రాయభేదం కొంత తగ్గింది. అవతలి పార్టీ మీద కోపం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

ఇక ఆ "కలిసిమెలిసి" కాలం. 1950లో రాజనీతి శాస్త్రవేత్తల సంఘం కమిటీయే, రెండు పార్టీలకూ తేడా తెలియడం లేదు, ఓటరు దేన్ని చూసి ఎంచుకోవాలని విసుక్కుంది. దక్షిణాదిలో నల్లవాళ్లను ఓటుకు దూరంగా నెట్టి నిలబెట్టుకున్న సఖ్యత అది. ఇంకా వెనక్కి వెళ్తారా? 1856లో సెనేటర్ చార్లెస్ సమ్నర్ బానిసత్వాన్ని దుయ్యబట్టాడని దక్షిణాది నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన ప్రెస్టన్ బ్రూక్స్ సెనేట్‌లోకే వచ్చి, చేతికర్ర విరిగేదాకా ఆయన్ని కొట్టాడు. బ్రూక్స్ రాజీనామా చేసి మళ్లీ గెలిచాడు. అభిమానులు కొత్త కర్రలు కానుకగా పంపారు.