సూది పక్కన పెట్టి టైము చూడండి

"పక్షవాతం వచ్చిన మనిషిని కదపొద్దు, మెదడులో సన్న నాళాలు పగిలిపోతాయి. పది వేళ్ల కొసల్లో సూదితో గుచ్చి నెత్తురు రానివ్వండి. మూతి వంకరపోతే చెవులు ఎర్రబడేదాకా లాగి తమ్మెలకూ గుచ్చండి. నిమిషాల్లో తేరుకుంటాడు." ఫ్యామిలీ గ్రూపు, కాలనీ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, ఎక్కడ చూసినా ఇదే మెసేజ్. పంపేది చదువుకున్నవాళ్లే.

పది వేళ్లూ పిండినా అర మిల్లీలీటరు నెత్తురు రాదు. మెదడు నాళంలో ఇరుక్కున్న గడ్డ దాంతో కదలదు, చిట్లిన నాళం మూసుకోదు. ఆస్పత్రిలోనూ వేలికి గుచ్చుతారు. ఒకే వేలికి, ఒకే చుక్క, షుగర్ చూడటానికి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం ఇలాగే మాట ముద్దగా వస్తుంది, చెయ్యి పడిపోతుంది.

"గుచ్చగానే మా పెదనాన్న లేచి కూర్చున్నాడు" అంటారు. కూర్చుని ఉండొచ్చు. కొందరికి గడ్డ దానంతటదే కరిగి కాసేపట్లో అంతా సర్దుకుంటుంది. దాన్నే మినీ స్ట్రోక్ అంటారు. పెద్ద స్ట్రోక్ వచ్చే ముప్పు ఆ తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ. సూది పనిచేసిందని ఆయన్ని ఇంట్లో పడుకోబెడితే ఆ రెండు రోజులూ మందు లేకుండా గడిచిపోతాయి.

చెవులు లాగడం వల్ల ఏమీ రాదు, చెవినొప్పి తప్ప. స్నానం చేసేటప్పుడు మొదట తలమీద నీళ్లు పోసుకుంటే స్ట్రోక్ వస్తుందని తిరిగే ఇంకో మాటకూ ఆధారం లేదు.

ప్రాణం తీసేది "కదపొద్దు" అన్న మాట. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల మెదడు కణాలు చస్తాయి. గడ్డ కరిగించే ఆల్టిప్లేస్ ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆలోపు సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాలి, బీపీ 185/110 కిందికి రావాలి. ఊరి నుంచి సీటీ ఉన్న ఆస్పత్రికి చేరడానికే రెండు గంటలు పట్టే చోట, సూది వెతికి, కాల్చి, పది వేళ్లూ గుచ్చి, "ఇంకాసేపు చూద్దాం" అని కూర్చుంటారా? ఆ కాసేపే కదా ఆ మనిషి కుడిచెయ్యి, మాట!

చేయాల్సింది ఇది. 108కి ఫోన్ చేసి పక్షవాతం అని చెప్పండి. మనిషి చివరిసారి బాగున్న టైము కాగితం మీద రాసుకోండి. రాత్రి పదికి పడుకుని ఆరింటికి చెయ్యి పడిపోయి లేస్తే, లెక్క పదింటి నుంచే. రోజూ వాడే మాత్రల స్ట్రిప్పులు పట్టుకెళ్లండి, నెత్తురు పలచబడే మందులుంటే ముందే చెప్పండి. నోట్లో ఏమీ పోయొద్దు. మింగుడు దెబ్బతిన్న మనిషికి సోడా అయినా, కాఫీ అయినా ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. నాలుక కింద బీపీ మాత్ర పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడుకు అందే కాస్త రక్తమూ తగ్గుతుంది. స్కాన్ కాకముందు ఆస్పిరిన్ వద్దు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకోవడానికి ఆగొద్దు.

అదే మెసేజ్‌లో ఒక మంచి ముక్క ఉంది. నవ్వమనండి, ఒక వాక్యం చెప్పమనండి, రెండు చేతులూ ఎత్తమనండి. ఈ పరీక్ష సరైనదే. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. సూది ప్రతి ఇంట్లో ఉంది, సీటీ స్కాన్ ప్రతి మండలంలో లేదు. 1970 నుంచి 2008 దాకా ధనిక దేశాల్లో స్ట్రోక్ రేటు 42 శాతం తగ్గితే, పేద, మధ్యాదాయ దేశాల్లో రెట్టింపు దాటింది. దిక్కుతోచని చోట చేతికందిందే మందవుతుంది. అందుకు పంపినవాళ్లను తిట్టలేను.

కాబట్టి మళ్లీ వస్తే డిలీట్ చేయకండి. నవ్వు, మాట, చేతులు ఉంచి, సూదీ చెవులూ కొట్టేసి, పైన 108 అని రాసి, వచ్చిన గ్రూపులోనే తిరిగి పెట్టండి.