ఓవర్‌లిమిట్ ఛార్జీ గారికి ఒక ఉత్తరం

అయ్యా ఓవర్‌లిమిట్ ఛార్జీ గారూ,

నమస్కారం. మనకి పరిచయమై మూడు వారాలే అయింది, అయినా మీరు సొంత ఇంట్లోకి వచ్చినట్టు చెప్పాపెట్టకుండా వచ్చి 590 రూపాయలు పట్టుకెళ్లారు కాబట్టి నేనూ చొరవ తీసుకుని రాస్తున్నాను.

నాది ఛత్తా బజార్‌లో చిన్న ప్రింటింగ్ షాపు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎలక్షన్లు వస్తే కరపత్రాలు. పెళ్లివాళ్లు డబ్బులు ముహూర్తం దాటాక ఇస్తారు, పేపర్ షాపాయన మాత్రం రీములు ఆటో ఎక్కించకముందే అడుగుతాడు, ఈ రెంటి మధ్య ఊపిరాడటానికే 5 లక్షల ఓడీ, అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా ఆ లిమిట్ దాకా వాడుకోనిచ్చే ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు. ఆ శనివారం షట్టర్ దించేటప్పటికి వాడింది 4,96,000. ఇంకా నాలుగు వేలుందిలే అనుకుని ఇంటికెళ్లి హాయిగా తిని పడుకున్నాను. ఆ రాత్రి నెలాఖరు వడ్డీ 4,212 బ్యాంకే నా ఖాతాలోంచి తీసుకుంది. లిమిట్ 212 రూపాయలు దాటింది. దాటించింది ఎవరండీ? నేను నిద్రలో ఉన్నాను.

వెంటనే మీరు దిగారు. 500 మీకు, 90 మీ వెనకాలే వచ్చిన జీఎస్టీకి. 212 దాటినందుకు 590 వేస్తే ఇప్పుడు దాటింది 802 అయింది. సోమవారం పదింటికల్లా ఒక పెళ్లివాళ్ల 11,000 వచ్చి పడ్డాయి కానీ అప్పటికే మీ పని మీరు కానిచ్చేశారు.

బ్రాంచికి వెళ్లి అడిగాను. కౌంటర్లో అమ్మాయి మంచిదే పాపం, "మేం వేసేది కాదు సార్, సిస్టమే కట్ చేసుకుంటది" అంది. మేనేజర్ గారు మాత్రం కూర్చోబెట్టి, "లిమిట్ దాటినా మీకు సర్వీసు ఇచ్చాం కదండీ, దానికే ఛార్జీ" అన్నారు. ఏం సర్వీసు? వాళ్ల వడ్డీ వాళ్లే తీసుకుని, అందుకు డబ్బు చాలకపోతే నా పేరు మీద వాళ్లకి వాళ్లే అప్పిచ్చుకున్నారు, బస్సులో కండక్టరే నా ఒళ్లో కూర్చుని అదనపు మనిషికని నాకే టికెట్ కొట్టినట్టుంది. రెండు నిమిషాలు వాదించేసరికి ఆయనే మాట మార్చి, "పెనాల్టీ లేకపోతే అందరూ దాటేస్తారండీ" అన్నారు. అక్కడే నాకు మీ మీద అనుమానం పుట్టింది.

ఇంతకీ మీరు సర్వీసా, పెనాల్టీనా?

పెనాల్టీ అయితే మీకు పద్ధతులున్నాయి. అప్పు షరతులు తప్పినందుకు వేసే పీనల్ ఛార్జీ తప్పుకి తగ్గట్టుగా ఉండాలని, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న సర్క్యులర్ ఇచ్చింది. మీరేమో నా ఓడీలోనే కలిసిపోయి అసలు లెక్కలో కూర్చున్నారు, మీ మీద కూడా వడ్డీ నడుస్తోంది (నెలకి ఐదు రూపాయలేలెండి, కానీ నడుస్తోంది). ఇక ఇలాంటి పీనల్ ఛార్జీలకి జీఎస్టీ లేదని 2024 డిసెంబర్‌లో జైసల్మేర్‌లో కూర్చున్న జీఎస్టీ కౌన్సిల్ చెప్పింది, తర్వాతి నెలలో సర్క్యులర్ కూడా వచ్చింది. మరి ఆ 90 ఏ ఖాతాలోది? పగటివేషాల వాళ్లు కూడా ఒక పూటకి ఒక వేషమే కడతారు కదండీ. మీరు ఒకే నిమిషంలో జీఎస్టీ ముందు సర్వీసు, నా ముందు పెనాల్టీ!

లండన్‌లో ఉన్న మా మేనల్లుడు చెప్పాడు, అక్కడా మీ బంధువులున్నారట. బ్యాంకులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఇవి ఖాతా సేవలకి జనం చెల్లించే ధరలో భాగమేనని వాదించి 2009 నవంబర్‌లో గెలిచాయి. ధర అన్నాక అక్కడి వినియోగదారుల ఒప్పందాల నిబంధనల కింద అది ఎక్కువా తక్కువా అని అడగటానికి లేదట. చివరికి 2020 ఏప్రిల్ నుంచి ఓవర్‌డ్రాఫ్ట్ మీద ఇలాంటి ఫిక్స్‌డ్ ఫీజులే వద్దని అక్కడి నియంత్రణ సంస్థ తీసేసింది. ఆ బ్యాంకులు కనీసం కోర్టులో ఒకే మాట మీద నిలబడ్డాయి.

మా ఆవిడ అంటోంది, 590 కోసం ఆటోలకే 600 పెట్టావు అని. నిజమే, అంతకంటే కొంచెం ఎక్కువే అయింది. అయినా సొంత ప్రెస్సు కదా, మంచి లెటర్‌హెడ్ మీద ఫిర్యాదు కొట్టించి బ్రాంచిలో ఇచ్చి, నా కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. ఇవాళ్టికి పంతొమ్మిదో రోజు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టుకోవచ్చు, దానికి ఫీజు కూడా లేదు. ఇంకా పదకొండు రోజులుంది, ఈలోగా ఆ ఫిర్యాదు రాసి పెట్టుకుంటున్నాను. మొదటి లైన్ దగ్గరే ఆగిపోయాను. మీ పేరు పక్కన సర్వీసు అని రాయమంటారా, పెనాల్టీ అని రాయమంటారా?

ఇట్లు,
212 రూపాయలు దాటినవాడు