సకుటుంబ గోవా యాత్ర: ఒక ముసాయిదా విధానం

మనకు ఇసుక విధానం ఉంది. మద్యం విధానం ఉంది. ప్రభుత్వం మారినప్పుడల్లా రెండూ కొత్తగా వస్తాయి. ఇసుకా మద్యమూ ఒకేచోట పుష్కలంగా దొరికే గోవాకు పెళ్లాం పిల్లలతో వెళ్లే విషయంలో మాత్రం ఇప్పటిదాకా ఒక్క జీవో లేదు. దాంతో ఎవరికి తోచిన ప్లాన్ వాళ్లు వేసుకుంటున్నారు, వెయిటింగ్ లిస్టు కన్ఫర్మ్ అయ్యేలోపే కుటుంబాలు రెండు వర్గాలుగా చీలిపోతున్నాయి. ఈ అరాచకాన్ని అరికట్టాలనే సదుద్దేశంతో ఈ ముసాయిదాను ప్రజల ముందు పెడుతున్నాను. అభ్యంతరాలు ఉంటే ఫ్యామిలీ గ్రూపులో కాకుండా లిఖితపూర్వకంగా తెలపాలి.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది టికెట్టు కాదు, కారణం. తిరుపతి వెళ్తున్నామంటే ఎందుకని ఎవరూ అడగరు. ఊటీ అంటే ఎండలకు తట్టుకోలేక కాబోలని వాళ్లే సర్దుకుంటారు. గోవా అనగానే ఫోన్లో అవతలి వైపు మాట ఆగిపోతుంది. తర్వాత పెద్దమ్మ మెల్లగా, "పిల్లల్ని కూడా తీసుకెళ్తున్నారా?" అంటుంది. ఆ ప్రశ్నలో ఎంత ఉందో అల్లుడికి తెలుసు. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో అతను గోవాకు ఎన్నిసార్లు ప్లాన్ వేశాడో ఆవిడకు తెలియదు, ఒక్కసారీ వెళ్లలేదన్న సంగతి చెప్పినా నమ్మదు.

ఇక్కడే శాంతాదుర్గ అమ్మవారు ఆదుకుంటుంది. పోండా ప్రాంతంలో కవళె శాంతాదుర్గ, ప్రియోల్‌లో మంగేశి, ఇంకా చుట్టుపక్కల చాలా గుళ్లున్నాయి. కాబట్టి బంధువర్గానికి వెళ్లే ప్రకటనలో 'గోవా' అనే మాట రాకూడదు. "కొంకణ దేశంలో అమ్మవారి దర్శనం, వీలుంటే సముద్ర స్నానం" అని రాయాలి. పెద్దమ్మ ఇదివరకు అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతుంది, కానీ ఈసారి భావం వేరు: "పిల్లల్ని కూడా తీసుకెళ్తున్నారా? మంచి పని చేస్తున్నారు."

ఒక్క చిక్కుంది. చరిత్ర తెలిసిన మావయ్యలు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. మంగేశి గుడి అసలు ఉన్నది ఇప్పుడు కోర్తాలిం అంటున్న కుశస్థలిలో. పోర్చుగీసువాళ్లు గుళ్లు కూలుస్తుంటే 1560లో భక్తులు శివలింగాన్ని జువారీ నది దాటించి, అప్పటికి వాళ్ల ఏలుబడిలో లేని ప్రియోల్‌కు తరలించారు. "దేవుడే తీరం వదిలేసి లోపలికొచ్చాడు, మీరు ఆయన్ని చూసి మళ్లీ తీరానికెందుకు?" అని మావయ్య అడగవచ్చు. జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. పోర్చుగీసువాళ్లు 1961లోనే వెళ్లిపోయారు మావయ్యగారూ, ఇప్పుడక్కడ ప్రమాదమల్లా టాక్సీ ఛార్జీలే.

ఇక కాలనిర్ణయం. గోవా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. అందుకే మనం మే నెలలో వెళ్తాం, బడి సెలవులు అప్పుడే గనక. చెమట విషయంలో గోవా మే నెల మన మచిలీపట్నం మే నెలకు ఏమాత్రం తీసిపోదు. సంక్రాంతికి వెళ్తే వాతావరణం దివ్యంగా ఉంటుంది. అయితే సంక్రాంతి నాడు అత్తవారింట్లో ఉండాల్సిన అల్లుడు అంజునా ఒడ్డున కనిపిస్తే, ఆ కేసు ఎంతదాకా వెళ్తుందో చెప్పలేం.

ఖర్చుల ఉపసంఘానికి అధ్యక్షుడైన బావగారు ఈ దశలో ఒక పరిశోధన ఫలితం బయటపెడతారు: జూన్, జులైల్లో గదులు బాగా చవక. నిజమే. అప్పటికి ఒడ్డు మీది షాక్‌లు, అంటే తాత్కాలిక పాక హోటళ్లు, విప్పేస్తారు, నీళ్లలోకి దిగవద్దని ఎర్రజెండాలు పాతేస్తారు, లైఫ్‌గార్డు ఈల వేస్తూనే ఉంటాడు. హోటల్‌వాళ్లు తగ్గించింది గది అద్దె కాదు బావగారూ, సముద్రాన్ని.

భూగోళం విషయంలో మనకున్న ధీమా ఇంకా గొప్పది. గోవా మొత్తం వైశాల్యం 3,702 చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం జిల్లాలో అలాంటివి అయిదు పడతాయి. ఇంత చిన్నదాంట్లో దూరాలేముంటాయని ఉత్తర కొసన మోపా విమానాశ్రయానికి టికెట్లు, దక్షిణ కొసన పాలోలెంలో గదులు బుక్ చేస్తారు. 2023 జనవరి నుంచి గోవాకు మోపా, దబోలిం అని రెండు విమానాశ్రయాలున్నాయన్న విషయం సామాన్లు తీసుకుని టాక్సీ ఎక్కాక, డ్రైవర్ చెబితే తెలుస్తుంది. నన్నడిగితే రైలే మేలు. గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా వాస్కో దాకా అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. దారిలో కొండల మీంచి దూధ్‌సాగర్ జలపాతం పక్కనే కనిపిస్తుంది. కిటికీ సీటు కోసం గుంతకల్లు దాకా పోట్లాడిన వ్యక్తి ఆ సమయానికి గాఢనిద్రలో ఉంటాడు.

ఆహారానికి వద్దాం, ఎందుకంటే ప్లాన్‌లో సగం అదే. చేపల కూర, షాకుతి, బెబింకా లాంటివి అక్కడ దొరుకుతాయని అందరికీ తెలుసు. అయినా ఆవకాయ, చెగోడీలు, రెండు రకాల పొడులు, చిన్న రైస్ కుక్కర్, స్టీలు గిన్నెలో పెరుగు తోడు బయలుదేరతాయి. వీటి బరువు మీద ఈ ముసాయిదా పరిమితి పెట్టడం లేదు. పెట్టినా వదినగారు పాటించరు. కానీ ఒక హెచ్చరిక. గోవా ప్రభుత్వం 2019లో పర్యాటక ప్రదేశాల చట్టాన్ని సవరించి, ఆరుబయట మందు తాగడంతో పాటు ఆరుబయట వంట చేయడాన్నీ నేరం చేసింది. అప్పట్లో మనిషికి 2,000, గుంపుకైతే 10,000 రూపాయల జరిమానా పెట్టింది. బాటిల్ తెరిచిన కుర్రాడూ ఉప్మాకు పోపు పెట్టిన అత్తయ్యా ఒకే చట్టం కింద ఒకే బల్ల ముందు నిలబడాల్సి వస్తుంది. పైగా మన కుటుంబం ఏ కోణంలో చూసినా గుంపే.

సముద్రం సంగతి క్లుప్తంగా. పౌర్ణమికో అమావాస్యకో తప్ప సముద్ర స్నానం చేయకూడదని ఇంట్లో పెద్దలంటారు. సముద్రం పోటెక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. ఎరుపూ పసుపూ కలిసిన జెండాల మధ్యే దిగాలి. ఈత రానివాళ్లు అందరికన్నా ముందు దిగరాదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పాదాలు తడుపుకోవడాన్ని పూర్తి స్నానంగా గుర్తిస్తాం.

తిరుగు ప్రయాణంలో జీడిపప్పు తప్పనిసరి. పలాసలో అత్తవారున్న వాళ్లు కూడా కొనాల్సిందే.

ముసాయిదాపై వచ్చిన అభ్యంతరాల్లో తాతగారిది ఒక్కటే పెండింగులో ఉంది. "బాపట్ల పక్కన సూర్యలంకలో ఉన్నవీ ఉప్పునీళ్లే కదా, అంత దూరం దేనికి?" అన్నారాయన. సూర్యలంకలో అయితే తెలిసినవాళ్లు కనిపిస్తారని కమిటీ వివరణ ఇచ్చింది. ఇది పూర్తిగా నిజం కాదు. గోవాలోని బాగా బీచ్‌లో సాయంత్రం ఏడింటికి, పూలచొక్కా వేసుకుని, చేతిలో గ్లాసుతో, మన కాలనీ అసోసియేషన్ కార్యదర్శిగారు ఎదురయ్యే అవకాశం పుష్కలంగా ఉంది. అలాంటి సందర్భంలో ఇరుపక్షాలూ నమస్కారం పెట్టుకుని, "దర్శనం బాగా అయిందా అండీ?" అని మాత్రమే అడగాలి. గ్లాసు వైపు చూడరాదు.