సమాధులు తవ్వింది చాలు, ఫైళ్లు తెరవండి

1983 జూన్ 22, బుధవారం. రోమ్‌లో ఎండ మండిపోతోంది. పదిహేనేళ్ల ఇమాన్యుయెలా ఓర్లాండి ఫ్లూట్ క్లాసుకు బయల్దేరుతూ తోడు రమ్మని అన్నని అడిగింది. అతనికి వేరే పనుంది, రానన్నాడు. ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు, ఆ అమ్మాయి కోపంగా వెళ్లిపోయింది. అన్నాచెల్లెళ్లున్న ఏ ఇంట్లోనైనా వారానికోసారి జరిగే గొడవే ఇది. సాయంత్రానికి ఇద్దరూ మర్చిపోవాల్సింది. ఆ సాయంత్రం ఆమె ఇంటికి రాలేదు, ఈరోజు వరకూ రాలేదు.

ఆమె తండ్రి వాటికన్ ఉద్యోగి, కుటుంబం ఉండేది వాటికన్ గోడల లోపలే. ప్రపంచంలోకెల్లా చిన్న దేశపు పౌరురాలు ఆ పిల్ల. ఆరోజు సంగీత పాఠశాల నుంచి ఇంటికి ఫోన్ చేసింది. దార్లో ఎవరో ఒకాయన ఆపి, ఫ్యాషన్ షోలో సౌందర్య సాధనాల కరపత్రాలు పంచే పని ఇస్తానన్నాడని చెప్పింది. ఫోన్ ఎత్తిన అక్క, ముందు ఇంటికి రా, అమ్మతో మాట్లాడి చూద్దాం అంది. ఆమె నోట ఆ కుటుంబం విన్న చివరి మాటలు ఆ ఫోన్‌లోవే. క్లాసు అయ్యాక బస్ స్టాప్ దగ్గర తోటి విద్యార్థులు ఆమెను చూశారు. ఆ తర్వాత ఏమైందో తెలియదు.

రాత్రయ్యేసరికి తండ్రి పోలీసుల దగ్గరికి పరుగెత్తాడు. స్నేహితులతో ఎక్కడికో వెళ్లి ఉంటుంది, కాస్త ఆగి చూడండి అన్నారు వాళ్లు. ఫిర్యాదు మర్నాడు ఉదయం గానీ నమోదు కాలేదు.

ఈ 'ఆగి చూడండి' అన్న మాట దగ్గర మేం కాసేపు ఆగుతాం, ఎందుకంటే టీనేజ్ పిల్లలు కనిపించకుండా పోయినప్పుడు వాళ్లకు జరిగే మొదటి అన్యాయం ఇదే. నాలుగేళ్ల బిడ్డ కనిపించకపోతే ఊరంతా వెతుకుతుంది, అదే పదిహేనేళ్ల పిల్లయితే ముందు గుణగణాలు ఆరా తీస్తారు. ఎవరితోనైనా వెళ్లిందా, ఇంట్లో గొడవైందా, పరీక్ష పోయిందా అని అడుగుతారు. ఆ వయసు పిల్లలు కొన్నిసార్లు ఇల్లు వదిలి వెళ్తారు, నిజమే. కానీ తనంతట తనే వెళ్లిన పిల్ల కూడా చీకటి పడ్డాక రోడ్డు మీద ప్రమాదంలోనే ఉంటుంది కదా! అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం, పిల్లల్ని ఎత్తుకుపోయి చంపిన కేసుల్ని పరిశీలిస్తే, హత్యకు గురైన వాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది మూడు గంటల లోపే చనిపోయారని తేలింది. ఆ దేశం 1990లోనే ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు తప్పిపోయారంటే కొన్ని గంటలు ఆగాలనే నియమం ఏ పోలీసు స్టేషన్లోనూ ఉండకూడదన్నది ఆ చట్టం. ఆ రాత్రి రోమ్‌లో పోయిన గంటలకు విలువెంతో మనం ఎప్పటికీ లెక్క కట్టలేం. ఆరోజే వెతికి ఉంటే దొరికేదని కూడా ఎవరూ చెప్పలేరు. ఆ కుటుంబాన్ని నిద్రపోనివ్వనిది సరిగ్గా ఈ తెలియకపోవడమే.

కొద్దిరోజులకే రోమ్ గోడల నిండా ఆమె ఫోటోతో పోస్టర్లు వెలిశాయి. జూలై 3న పోప్ రెండో జాన్ పాల్ స్వయంగా ఆదివారం ప్రార్థన సభలో ఆమె గురించి విజ్ఞప్తి చేశారు. అక్కడి నుంచి ఇది ఒక ఇంటి పిల్ల కథగా మిగల్లేదు. అమెరికన్ యాసలో మాట్లాడే ఒకడు ఫోన్లు చేసి, 1981 మేలో పోప్ మీద కాల్పులు జరిపిన మెహ్మెత్ అలీ అగ్జాను జూలై 20 లోపు విడిచిపెట్టాలని షరతు పెట్టాడు. గడువు దాటిపోయింది. అగ్జా జైల్లోనే ఉన్నాడు, అమ్మాయి మాత్రం రాలేదు. ఆమె నిజంగా తన దగ్గరే ఉందని నమ్మించే రుజువు ఆ ఫోన్ చేసినవాడు ఎప్పుడూ చూపించలేదు. తర్వాత్తర్వాత తీవ్రవాదులన్నారు, గూఢచారులన్నారు, బ్యాంకు కుంభకోణమన్నారు, మాఫియా అన్నారు, వాటికన్ లోపలి వాళ్లే అన్నారు. 2023లో ఆరోపణలు ఏకంగా రెండో జాన్ పాల్ మీదికే వెళ్లాయి, అవి నిరాధారమని పోప్ ఫ్రాన్సిస్ బహిరంగంగా ఖండించాల్సి వచ్చింది.

ఇందులో మా వృత్తి పాపం కూడా ఉందని ఒప్పుకోవాలి. కొత్త కథ దొరికితే పత్రిక అమ్ముడవుతుంది. పాత కథ తప్పని తేలినప్పుడు ఆ వార్త లోపలి పేజీలో చిన్న ముక్కగా వస్తుంది, లేదా అసలు రాదు. ఈ నలభై ఏళ్లలో పత్రికలు, టీవీలు ఆమెను ఎన్నిసార్లు చంపాయో, ఎన్నిసార్లు బతికించాయో! ఆ ప్రతిసారీ ఇంట్లో ఒక తల్లి టీవీ ముందు కూర్చుని విన్నది. ఇదే నగరంలో, అదే ఏడాది మే 7న మిరెల్లా గ్రెగోరి అనే మరో పదిహేనేళ్ల అమ్మాయి ఇంట్లోంచి బయటికెళ్లి తిరిగి రాలేదు. ఆ పిల్ల సంగతి ప్రపంచంలో ఎంతమందికి తెలుసు? వాటికన్ పేరు లేదు కాబట్టి ఆమె కథ అంతగా అమ్ముడుపోలేదు, రాయడానికి కష్టంగా ఉన్నా అసలు సంగతి ఇదే.

ఇక తవ్వకాల సంగతి. 2005లో ఒక టీవీ కార్యక్రమానికి అజ్ఞాత వ్యక్తి ఫోన్ చేసి, సంగీత పాఠశాలను ఆనుకుని ఉన్న చర్చిలో పూడ్చిన ముఠా నాయకుడు ఎన్రికో దె పెదిస్ సమాధిలో చూడమన్నాడు. హత్యకు గురైన ఒక గ్యాంగ్‌స్టర్‌కి చర్చిలో సమాధి ఎలా దక్కిందన్నదే పెద్ద ప్రశ్న, అది వేరే విషయం. 2012లో ఆ సమాధి తెరిచారు. ఇమాన్యుయెలా జాడ లేదు. 2018లో రోమ్‌లోని వాటికన్ రాయబార కార్యాలయంలో మరమ్మతులు చేస్తుంటే ఎముకలు బయటపడ్డాయి, పరీక్షిస్తే ఏనాటివో. 2019లో, దేవదూత చూపిస్తున్న చోట వెతకండి అని ఒక అజ్ఞాత సందేశం వస్తే, వాటికన్ లోపలి శ్మశానంలో 19వ శతాబ్దపు ఇద్దరు రాకుమార్తెల సమాధులు తెరిచారు. అందులో ఇమాన్యుయెలా సరికదా, రాకుమార్తెల అవశేషాలు కూడా లేవు! సమాధులు తెరిచినప్పుడు ఆమె అన్న అక్కడికి వెళ్లి నిలబడ్డాడు. చెల్లెలి ఎముకలు దొరకాలని కోరుకోవాలో, దొరక్కూడదని కోరుకోవాలో తెలియకుండా అలా నిలబడటం ఎంత నరకమో పగవాడికి కూడా తెలియాల్సిన అవసరం లేదు.

రాళ్లు పెకలించడానికి ఇంత సులువుగా అనుమతులొచ్చిన చోట, కాగితాల దగ్గరికి వచ్చేసరికి తలుపులు మూసుకున్నాయి. ఆమె మాయమైంది ఇటలీ గడ్డ మీద కాబట్టి దర్యాప్తు ఇటలీ పని అన్నది వాటికన్ ఎన్నో ఏళ్లు చెప్పిన మాట. సరే, మరి 1990ల్లో ఇటలీ న్యాయాధికారులు వాటికన్ పెద్దలు కొందరిని ప్రశ్నించాలని అధికారికంగా అడిగితే అనుమతి ఎందుకివ్వలేదు? వాటికన్ న్యాయాధికారి సొంతంగా దర్యాప్తు మొదలుపెట్టడానికి 2023 జనవరి రావాల్సి వచ్చింది, అంటే దాదాపు నలభై ఏళ్లు. ఆ జూన్‌లో, దొరికిన సమాచారమంతా రోమ్ ప్రాసిక్యూటర్లకు అప్పగించామని, ఇంకా లోతుగా చూడాల్సిన అంశాలున్నాయని ప్రకటించారు. మంచిదే, మేం స్వాగతిస్తున్నాం. కానీ ఆ అంశాలేమిటో కుటుంబానికి కూడా చెప్పకపోతే అది ఇంకో మూసిన కవరే అవుతుంది.

2013లో కొత్తగా ఎన్నికైన పోప్ ఫ్రాన్సిస్ తమను కలిసినప్పుడు, ఇమాన్యుయెలా స్వర్గంలో ఉంది అన్నారని ఆమె అన్న చెబుతూ వచ్చాడు. ఓదార్పుగానే అని ఉండొచ్చు. కానీ బిడ్డ చనిపోయిందని ఏ కాగితమూ చెప్పని ఇంట్లో ఆ మాట ఎలా దిగబడి ఉంటుందో ఆలోచించండి. ఇలాంటి దుఃఖాన్ని అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ ఎన్నో ఏళ్లు అధ్యయనం చేశారు. మనిషి ఉన్నట్టా పోయినట్టా తేలకపోతే ఏడుపు మొదలూ కాదు, ముగియదు. శవం దొరికిన ఇంట్లో మెల్లగానైనా కాలం నడుస్తుంది. ఈ ఇంట్లో గడియారం 1983 జూన్‌లో ఆగిపోయింది. తండ్రి 2004లో ఏమీ తెలియకుండానే కన్నుమూశాడు. ఇమాన్యుయెలా మాయమై నలభై ఏళ్లయ్యేసరికే తల్లికి తొంభై దాటాయి.

ఇమాన్యుయెలా, మిరెల్లా ఇద్దరి మీదా విచారణకు ఇటలీ పార్లమెంటు 2023 నవంబర్‌లో ఉభయ సభల కమిషన్‌కు ఆమోదం తెలిపింది. ఆ కమిషన్‌కు మేం చెప్పేది ఒకటే: కొత్త సిద్ధాంతాలు వద్దు, ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో ముందు ఆ జాబితా బయటపెట్టండి. పోలీసుల దగ్గర, గూఢచారి సంస్థల దగ్గర, వాటికన్ సచివాలయంలో ఆ వేసవి నాటి ఫోన్ల రికార్డులు, ఉత్తరాలు, నోట్లు ఏమేం ఉన్నాయి, ఏవి పోయాయి, ఎప్పుడు పోయాయి, ఎవరి చేతిలో ఉండగా పోయాయి? దీనికి ఎవరి నేరమూ రుజువు కానక్కర్లేదు. ఆమె మాయమైన నాటి నుంచి ఇప్పుడున్నది నాలుగో పోప్. పద్నాలుగో లియోకు ఆనాటి వాటికన్ నిర్ణయాలతో సంబంధం లేదు, దాచుకోవాల్సిన అవసరమూ లేదు. వాటికన్‌లోని ఆ ఫైళ్లను ఆమె కుటుంబం చేతిలో పెట్టమని ఆదేశించడానికి ఆయన సంతకం ఒక్కటి చాలు. ఆ సంతకం ఈ ఏడాదే పడాలి.