పదహారో రోజున చెల్లని కార్డు

ఒడిశాలోని బరంపురంలో ఒక మందుల షాపు దగ్గర ఈ వారం మా విలేకరి చూసిన సంగతి ఇది. డెబ్బై దాటిన ఒక మామ్మ ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు (70 నిండినవారికి ఇచ్చే ఉచిత వైద్య కార్డు) తీసి, బీపీ, షుగర్ మందుల చీటీతో కలిపి కౌంటరు మీద పెట్టింది. ‘మామ్మా, ఇది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది’ అన్నాడు షాపు కుర్రాడు. ఆమె కాసేపు అలాగే నిలబడి, కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకుంది. ‘పది వద్దు బాబూ, నాలుగు ఇయ్యి’ అంది. అతను కత్తెరతో ఒక్కో షీటులోంచి నాలుగేసి మాత్రలు కత్తిరించి ఇచ్చాడు.

నాలుగు రోజుల మందు అది. అయిదో రోజు సంగతి ఎవరికీ పట్టదు.

2025 ఏప్రిల్‌లో ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, అంటే ఈ కార్డు ఇచ్చే కేంద్ర ఆరోగ్య బీమా పథకం, వచ్చినప్పుడు ఎంత హడావుడి చేశారో పాఠకులకు గుర్తుంది. 70 ఏళ్లు నిండితే చాలు, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల వైద్యం ఉచితం అన్నారు. ఆపరేషన్‌కు, ఆసుపత్రి మంచానికి ఆ మాట నిజమే. కానీ రోజూ మింగే మాత్రకు ఆ 5 లక్షల్లోంచి ఒక్క రూపాయి రాదు. ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి పంపాక 15 రోజులు, అంతవరకే మందుల ఖర్చు పథకం భరిస్తుంది. మరి పదహారో రోజు నుంచి ఆ రోగం ఎవరిది? షుగర్ 15 రోజుల్లో పోయే జబ్బా?

రాష్ట్ర ఉచిత మందుల పథకం నిరామయ కింద ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితమే కదా, జన ఔషధి దుకాణాల్లో 50 నుంచి 80 శాతం తక్కువకే దొరుకుతున్నాయి కదా అని అధికారులు చెబుతారు. మంచిదే. అయితే ఆసుపత్రిలో స్టాకు లేదంటే చీటీ పట్టుకుని బయటికి రావాల్సిందే. ధర తగ్గించడం వేరు, బీమా ఇవ్వడం వేరు. ప్రైవేటు పాలసీల సంగతీ అంతే. 65 ఏళ్లు దాటినవారికీ పాలసీ అమ్మవచ్చన్నారు, పాత జబ్బులకు వేచి ఉండే కాలాన్ని 3 ఏళ్లకు తగ్గించారు, పెద్దల ప్రీమియం బీమా నియంత్రణ సంస్థతో ముందస్తు సంప్రదింపు లేకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదన్నారు, జీఎస్టీ ఎత్తేశారు. అన్నీ ప్రీమియం కట్టగలిగినవారి ఊరటలే. కట్టినా చాలా పాలసీల్లో మందుల చీటీకి డబ్బు రావాలంటే ఓపీడీ రైడర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి అదనపు బీమా) విడిగా కొనాలి.

మాకు కోపం తెప్పిస్తున్నది వేరే ఉంది. వృద్ధులకు నెలనెలా మందుల ఖర్చు ఉంటుందని ప్రభుత్వానికి తెలియక కాదు. బాగా తెలుసు. తన దగ్గర పనిచేసి రిటైరైన కేంద్ర ఉద్యోగులకు సీజీహెచ్ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ద్వారా మందులు ఇస్తోంది. ఆ సౌకర్యం లేని చోట ఉండేవారికి నెలకు 1,000 రూపాయలు వైద్య భత్యంగా ఇస్తోంది. వారికి ఇవ్వొద్దని మేము అనడం లేదు, ఇవ్వాల్సిందే. ఇటు మన గంజాం, గజపతి, రాయగడ పల్లెల్లో పొలం పనులు చేసి ఒళ్లు హూనమైన ముసలివాళ్లకు, 80 ఏళ్ల లోపు ఉంటే, రాష్ట్రం ఇచ్చే మధుబాబు పింఛను నెలకు 1,000. ఒకరికి మందులకే ఇచ్చే డబ్బుతో ఇంకొకరు బియ్యం, పప్పు, కరెంటు, మందులు అన్నీ చూసుకోవాలి. ఒకే వయసు, ఒకే బీపీ. రిటైరైన గుమస్తాకు జబ్బు నెలనెలా ఉంటుంది, రిటైరైన కూలీకి మాత్రం మంచమెక్కినప్పుడే ఉంటుందా?

మాత్ర మానేస్తే ఏమవుతుందో డాక్టర్లను అడగక్కర్లేదు, పర్లాకిమిడిలో ఏ వీధిలోనైనా అడగండి. ఒక రోజు పొద్దున్నే మూతి వంకర పోతుంది, చేయి లేవదు. ఇంటిల్లిపాదీ టెన్షన్‌తో బండి మాట్లాడుకుని బరంపురమో విశాఖో పరిగెడతారు. అప్పుడు కార్డు చెల్లుతుంది! నెలకు కొన్ని వందలు ఇవ్వనన్న ప్రభుత్వమే వేలకు వేలు కడుతుంది. డిశ్చార్జి అయిన పదహారో రోజున ఆ మనిషి మళ్లీ కత్తెర ముందే నిలబడతాడు.

వయ వందన కార్డు ఉన్న ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, గుండె జబ్బు మందులు నెలవారీగా కార్డు మీదే ఇవ్వాలి. 15 రోజుల గడువు తీసేయాలి. కార్డుకు ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో సరిహద్దు జిల్లాల్లో తెలుగులో కూడా అచ్చువేసి ఇవ్వాలి. ఒడియా చదవలేని మామ్మకు షాపు కుర్రాడు చెప్పేదాకా తెలియకపోవడం ఆమె తప్పు కాదు.

ఓట్లప్పుడు గడప గడపకూ వచ్చి తెలుగులో పలకరించే నాయకులారా, పదహారో రోజు గురించి అసెంబ్లీలో ఒక్క ప్రశ్న అడగండి. అదీ చేతకాకపోతే, కార్డుల పంపిణీ ఫొటోల్లో ఆ ముసలమ్మల పక్కన నిలబడటం మానండి.